పాత ఫైబర్ పడవకు కొత్త రంగు

పిల్లలూ! జనవరి నుంచి మార్చి దాకా నా గోళ్ళ చుట్టూ నీలిరంగు చూసి మీలో చాలామంది అడిగారు. "ఇంటికి రంగు వేయిస్తున్నారా మాస్టారూ?" అని ఏడో తరగతి వాళ్ళు, "హోలీ ఇంకా రాలేదు కదా సార్" అని తొమ్మిదో తరగతి వాళ్ళు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. అది ఇంటి రంగు కాదు, పడవ రంగు.

జంగ్లీఘాట్ మీకు తెలిసినదే. స్కూలు బస్సు ఆ మలుపులో నెమ్మదించగానే సగంమంది ముక్కు మూసుకుంటారు, చేపల రేవు కదా! నేను అద్దెకుండే ఇల్లు అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే. పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) బదిలీ అయి వచ్చినప్పుడు, ఇక్కడ తెలుగు వినడానికి ఎన్నాళ్ళు పడుతుందో అనుకున్నాను. సామాను దించుతుండగానే వినిపించింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. మా ఇంటి యజమాని తండ్రిని వాడంతా తాత అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

డిసెంబరు చివర్లో ఒకనాడు ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు.

"మాస్టారూ, తమరు తెలుగు సెప్తారంట గదా. మా పడవ మీద అమ్మోరి పేరు రాసెట్టాల."

"దానికేం తాతా, రేపే రాస్తాను."

"రేపెలాగవుద్ది? పేరు నిలబడాలంటే కింద రంగు నిలబడాల గదా!"

అలా పేరు రాయడానికి ఒప్పుకున్నవాణ్ణి మూడు నెలలు రంగు పనిలో పడ్డాను.

పడవ పేరు పైడితల్లి. ఒడ్డున మొద్దుల మీదికి లాగిపెట్టారు. చూడగానే నాకు అనిపించింది మీతో దాచకుండా చెబుతాను: దీన్ని అమ్మేస్తే నయం. పైన నీలిరంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. అణియం దగ్గర, అంటే పడవ ముందుకొస దగ్గర, సాలెగూడులాంటి పగుళ్ళు. తాత కొడుక్కీ అదే అభిప్రాయం. కొత్త పడవకు అప్పు తీసుకుందామని ఆయన, ఉన్నదాన్ని బాగుచేద్దామని తాత. ఇంట్లో మాట తెగలేదు. చివరికి కొడుకు ఒక గడువు పెట్టాడు: మార్చి మొదటివారానికి పడవ నీళ్ళలో ఉండాలి, లేకపోతే అప్పుకు వెళ్తాడు. అందాకా వేరేవాళ్ళ పడవలో వాటాకు వేటకు వెళ్తాడు.

కాబట్టి మొదట తేల్చవలసింది రంగు సంగతి కాదు, ఈ పడవకు రంగు వేయడం దండగ ఖర్చా కాదా అన్నది. అది తెలియాలంటే ఫైబర్ పడవ ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి.

మన తీరంలో పూర్వం తేలిక దుంగలు నాలుగైదు కలిపి కట్టిన తెప్పలు ఉండేవి. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టిన మసూలా పడవలు ఉండేవి. ప్రపంచంలో గాజుపోగుల పడవలు 1940ల్లో మొదలయ్యాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో బంగాళాఖాత కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని కింద, అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి వచ్చి ఆగగల ఫైబర్ పడవల నమూనాలు తయారుచేసి ఆంధ్రతీరంలోనూ పరీక్షించారు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సహాయంగా ఇచ్చిన పడవల్లో కూడా ఫైబర్‌వి చాలా ఉన్నాయి. ఈ రోజు మీరు ఏ రేవుకు వెళ్ళినా ఎక్కువగా కనిపించేవి అవే.

ఫైబర్ పడవను బయటి నుంచి లోపలికి కడతారు. ఇది పిల్లలకు చెబితే నమ్మరు. ఇడ్లీ పాత్రకు నూనె రాసినట్టు ముందు అచ్చు లోపల మైనం పూస్తారు. దాని మీద జెల్‌కోటు అనే రంగు కలిపిన రెజిన్ పొర, సుమారు అర మిల్లీమీటరు మందం. అది గట్టిపడ్డాక గాజుపోగుల చాప పరచి, పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, రోలరుతో గాలిబుడగలు నొక్కేస్తారు. దాని మీద మరో చాప, మరో తడుపు. చివరికి అచ్చులోంచి ఊడదీస్తే మొదట పూసిన జెల్‌కోటు పడవకు పైచర్మం అవుతుంది. అంటే కొత్త ఫైబర్ పడవకు అసలు రంగే వేయరు, దాని రంగు అచ్చులోనే పుడుతుంది.

ఆ చర్మాన్ని తినేది ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని రెజిన్‌ను విడగొడతాయి. అప్పుడు లోపలి రంగుపొడి బయటపడి సుద్దలా చేతికి అంటుతుంది. మీ నాన్నగారి స్కూటరు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే వెలిసిపోయినట్టే. పడవకు ఎప్పుడూ రంగు వేసి ఉండకపోతే ముందు తడిగుడ్డతో తుడిచి చూడాలి. తడిసినప్పుడు పాత మెరుపు కనిపిస్తే ఆ జెల్‌కోటులో ఇంకా జీవం ఉన్నట్టు. కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది మైనం పడితే సరిపోతుంది. అప్పుడు రంగు వేయకపోవడమే తెలివి, ఎందుకంటే ఒకసారి రంగు వేసిన పడవకు ఇక కొన్నేళ్ళకోసారి వేస్తూనే ఉండాలి. పైడితల్లి విషయంలో ఆ అవకాశం ఎప్పుడో దాటిపోయింది.

ఇక శరీరం గట్టిగా ఉందా లేదా? దీనికి రూపాయి బిళ్ళ చాలు. నౌకాదళంలో, తీరరక్షక దళంలో పనిచేసే వాళ్ళ పిల్లలు ఇద్దరు (పేర్లు రాయొద్దన్నారు) ఒక ఆదివారం నాతో వచ్చి పడవంతా జానెడు దూరానికోసారి బిళ్ళతో కొట్టుకుంటూ పోయారు. గట్టిగా ఉన్నచోట టక్ టక్‌మని స్పష్టంగా మోగుతుంది. పొరలు విడిపోయినచోట, లోపల నీరు పట్టినచోట మెత్తని గుమ్మడికాయను కొట్టినట్టు దబ్‌మంటుంది. అలాంటి చోట సుద్దముక్కతో గుండ్రం చుట్టారు. మొత్తం పడవలో ఆరు గుండ్రాలు వచ్చాయి. అందులో ఒకటే పెద్దది, అమరం దగ్గర, అంటే వెనకభాగంలో, ఇంజను బిగించే చెక్క కింద. చెక్క చీకిపోయింది. దాన్ని మార్చాలి. మిగతా పడవ కంగుమంది! చేతితో పరచిన పాతకాలపు పడవ, రెజిన్ మీద పిసినారితనం చూపించకుండా మందంగా కట్టారు. తాత మొహం చూడాలి ఆ రోజు.

నీటి అడుగున ఉండే భాగంలో ఉబ్బులు కూడా చూడాలి. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటే తేమ జెల్‌కోటును దాటి లోపలికి ఇంకుతుంది. రెజిన్‌లోని కొన్ని పదార్థాలతో కలిసి ఆమ్లంగా మారి బొబ్బలు లేపుతుంది. బొబ్బను చిదిమితే పులిసిన వాసన వస్తుంది. చిదిమేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ నీరు కంట్లోకి చిమ్ముతుంది. పైడితల్లికి బొబ్బలు నాలుగే ఉన్నాయి. వాటిని గీరి, మంచినీళ్ళతో కడిగి, వారాలపాటు ఆరనిచ్చారు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయాలి. లోపల చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే.

ఆ తరువాత పాత రంగు పట్టు. ఒక గుడ్డను థిన్నరుతో తడిపి పాత రంగు మీద కొన్ని నిమిషాలు ఉంచాలి. రంగు ముడతపడితే అది మామూలు ఎనామిల్. కదలకపోతే రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి రంగు. ఇది ఎందుకు తెలియాలంటే, ఆ రెండు డబ్బాల రంగులోని ద్రావకం చాలా ఘాటు. కింద ఎనామిల్ ఉంటే దాన్ని ఉడికించినట్టు లేపేస్తుంది. రెండో పరీక్ష, బ్లేడుతో చదరంగం గళ్ళలా గీతలు గీసి, మీద టేపు అంటించి, చటుక్కున లాగాలి. మా టేపుకు గళ్ళన్నీ ఉల్లిపొరలా ఊడి వచ్చాయి. ఇంకేముంది, అంతా గీకెయ్యాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇనుము మీద, చెక్క మీద రంగు ఊడదీసే మందు ఫైబర్‌కు పనికిరాదు, రంగుతోపాటు జెల్‌కోటును కూడా మెత్తబరుస్తుంది. కాబట్టి గీకుడు బిళ్ళ, ఉప్పుకాగితం, చేతులు. తాత మనవడు రోజూ, నేను ఆదివారాలు.

గీకుతుంటే నీలం కింద ఆకుపచ్చ వచ్చింది. "ఇది సునామీకి ముందుది" అన్నాడు తాత. దాని కింద పసుపు. "ఇది మా పెద్దదాని పెళ్ళినాటిది." దాని కింద మళ్ళీ నీలం, వేరే నీలం. ప్రతి రంగులోనూ పైడితల్లి అన్న పేరు కాస్త పైకో కిందికో జరిగి ఉంది, ఒక్కోసారి ఒక్కో చేతిరాత. ఒకరు 'ల్లి'కి ఒత్తు మరచిపోయారు. మనం బదిలీ మీద వెళ్ళిన క్వార్టర్లలో గోడ సున్నం పెచ్చు ఊడితే, కింద ఎవరో పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు కనబడతాయి చూడండి, నాకు అవి గుర్తొచ్చాయి. ఖరగ్‌పూర్ క్వార్టరులో అలాంటివి ఉండేవి. కొలతల పక్కన తేదీలు కూడా.

గీకడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, చాలామంది వదిలేస్తారు. కడగడం. పాత పడవ చర్మానికి మైనం, డీజిలు, చేపనూనె పట్టి ఉంటాయి. వాటి మీదే ఉప్పుకాగితం పడితే జిడ్డును గీతల్లోకి ఇంకా లోతుగా తోస్తాం. ముందు సబ్బునీళ్ళు, తరువాత మంచినీళ్ళు, ఆరాక ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడవాలి. వెంటనే, అది ఆరకముందే, రెండో చేత్తో పొడిగుడ్డ. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒకచోటి నుంచి మరోచోటికి బదిలీ అవుతుంది తప్ప పోదు. శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? మంచినీళ్ళు చల్లితే నీరు పలచటి తెరలా పరచుకోవాలి. తామరాకు మీద లాగా బొట్లుబొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు.

మంచినీళ్ళు అని తేలిగ్గా రాసేశాను. ఈ దీవుల్లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కానీ రంగుకు అనువైన పొడి నెలలు జనవరి నుంచి ఏప్రిల్ దాకానే, పట్టణంలో నీళ్ళకు కటకట వచ్చేవీ అవే నెలలు. ధనిఖరి జలాశయం నీటిమట్టం గురించి ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం మీరు వినే ఉంటారు. పోనీ సముద్రపు నీళ్ళతో కడిగితే? ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పు తేమను లాగుతుంది, రంగు కింద తేమ చేరితే బొబ్బ. తాత ఇంటివాళ్ళు డిసెంబరు వానలకే మూడు డ్రమ్ముల నీళ్ళు పట్టి పెట్టుకున్నారు. నాకు ఆ ఆలోచన వచ్చేది కాదు.

ఉప్పుకాగితం అంకె పెరిగేకొద్దీ నున్నగా ఉంటుంది. మరమ్మతు చోట 80, మొత్తం శరీరానికి 120, ప్రైమరు మీద 220, ఆఖరి రంగుకు ముందు 320. ఫైబర్‌ను ఎందుకు గరుకు చేయాలి? చెక్క రంగును పీల్చుకుంటుంది, ఫైబర్ పీల్చుకోదు. రంగు పట్టుకోవడానికి దానికి గీతలే ఆధారం. ఈ పనికి మాత్రం పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. గాజుధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మం మీద పడితే దురద. మాస్కు, నిండు చేతుల చొక్కా, తడిపి గీకడం, ఈ మూడూ ఉండాలి. తడి ఉప్పుకాగితంతో గీకితే ధూళి గాలిలోకి లేవదు. దురద పుట్టినప్పుడు వేడినీళ్ళు పోసుకోకండి, ముందు చన్నీళ్ళు.

పగుళ్ళ మీద లప్పం పెట్టి కప్పేస్తే ఆరునెలల్లో మళ్ళీ అదే గీత పైకి వస్తుంది. పగులును కోసుగా తెరిచి, పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో నింపాలి. పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ అంత బాగా పట్టుకోదు, సరిగా గట్టిపడదు కూడా. ఈ ఒక్క క్రమం తప్పి పని పాడైన పడవలు ఉన్నాయి.

ఇక అంగడికి. మనముందు మూడు దారులు. ఒకటి మామూలు ఎనామిల్: చవక, ఒకే డబ్బా, ఎక్కడైనా దొరుకుతుంది, ఏటా వేయాలి. రెండోది రెండు డబ్బాల పాలియురెథేన్: అద్దంలా మెరుస్తుంది, సరిగా వేస్తే ఏళ్ళు నిలుస్తుంది, ధర కొన్ని రెట్లు. దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. పీల్చితే ఉబ్బసం తెప్పించగలవు, ముఖ్యంగా స్ప్రే చేసినప్పుడు. మామూలు గుడ్డమాస్కు ఏమాత్రం ఆపదు. మూడోది కలగలుపు: కింద ఎపాక్సీ ప్రైమరు, పైన ఎనామిల్. నేను పుస్తకాలు చదివి రెండోదే మంచిదన్నాను. తాత ఒప్పుకోలేదు. "రోజూ జెట్టీకి రాసుకునే పడవ మాస్టారూ. గీసుకుపోతే నేనే అద్దుకోవాల. అద్దంలాటి రంగుకి నాను అతుకేయలేను." ఆలోచిస్తే ఆయనదే సరైన లెక్క. షోకు పడవకు గీత పడకుండా చూసుకుంటారు, పనిచేసే పడవకు గీత పడక తప్పదు. అతుకు వేయడానికి వీలైన రంగే దానికి మంచి రంగు.

ఏ రంగు అన్నది పూర్తిగా మన ఇష్టం కాదు. 2008 ముంబయి దాడుల తరువాత చేపల పడవలను దూరం నుంచి గుర్తుపట్టేందుకు తీరప్రాంతాల వారీగా రంగులు నిర్ణయించారు. రిజిస్ట్రేషన్ నంబరు కూడా స్పష్టంగా ఉండాలి. పని మొదలుపెట్టేముందు మత్స్యశాఖలో అడగాలి. లోపలి భాగం మాత్రం మన చేతిలో ఉంటుంది. ముదురు రంగు ఈ ఎండకు కాలిపోతుంది, కాలు పెట్టలేం, వేడికి కింది గాజుచాప అల్లిక కూడా పైకి కనిపిస్తుంది. మరీ తెలుపైతే కళ్ళు జిగేల్‌మంటాయి. లేత బూడిదరంగు వేశాం. నిలబడేచోట కాలు జారకుండా రంగులో సన్నని ఇసుక కలిపాం. సముద్రపు ఇసుక కాదు, కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుక.

ఇప్పుడు నా తప్పు.

జనవరి చివరి ఆదివారం ఎపాక్సీ ప్రైమరు వేయాలనుకున్నాం. పొద్దున మా ఇంట్లో పనిపడి నేను ఆలస్యంగా వెళ్ళాను. మూడున్నర అయింది. "ఈయాల ఒద్దులెండి" అన్నాడు తాత. "ఇంకా రెండున్నర గంటల వెలుగుంది కదా తాతా" అన్నాను. నేను ఇక్కడికి రాకముందు జామ్‌నగర్‌లో పనిచేశాను. అక్కడ జనవరిలో సూర్యుడు సాయంత్రం ఆరుంబావు దాటాకే కుంగుతాడు. నా ఒంట్లోని గడియారం ఇంకా అదే. భూగోళం క్లాసులో చదివారు కదా, మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మనం ఉన్నది దాదాపు 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, పది డిగ్రీలకు నలభై నిమిషాలు. జామ్‌నగర్ ఆ రేఖకు అవతలివైపు, 70 డిగ్రీల దగ్గర. చేతి గడియారం ఒకటే సమయం చెబుతుంది, సూర్యుడు చెప్పడు. ఆ రోజు మేము రెండోవైపుకు తిరిగేసరికి ఐదున్నర కాకుండానే పొద్దు కుంగిపోయింది. పడవ శరీరం చల్లబడింది, గాలిలో తేమ నిండుగా ఉంది.

చన్నీళ్ళ గ్లాసు బయట చెమట పడుతుంది కదా. గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారుతుందో దాన్ని మంచుబిందు ఉష్ణోగ్రత అంటారు. రంగు వేసే ఉపరితలం దానికన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలని రంగు పనివాళ్ళ నియమం. ఎపాక్సీకి ఇంకో చిక్కు ఉంది. దాని హార్డనరులో అమైన్లు అనే పదార్థాలుంటాయి. అవి పూర్తిగా గట్టిపడకముందే తేమ తగిలితే గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన సబ్బులాంటి జిడ్డుపొర కడతాయి. కంటికి పెద్దగా కనిపించదు. మాకూ కనిపించలేదు. మరుసటి ఆదివారం ఆ జిడ్డు మీదే 220 ఉప్పుకాగితం పట్టి, నీలం ఎనామిల్ వేసేశాం.

సోమవారం వేలు పెడితే అంటుకుంది. మంగళవారం అంటుకుంది. గురువారం బడి నుంచి వచ్చేసరికి రంగు మీద దోమలు, వేపాకు పొడి, ఒక పిల్లి వెంట్రుకలు. ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని ఆరుతుంది, కింద ఆ అమైన్ల జిడ్డు ఉంటే ఆరనే ఆరదు. తాత కొడుకు వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది. డబ్బాల ఖర్చు నేను ఇస్తానన్నాను. తాత తల అడ్డంగా తిప్పాడు.

"పొద్దు మనకోసం ఆగుద్దా బాబూ! డబ్బులొద్దు. రేపు పొద్దున్నే రండి, గీకుదాం."

ఆ జిడ్డుపొర థిన్నరుకు సరిగా పోదు, నీళ్ళకే పోతుంది. ఈ సంగతి ముందే తెలిసుంటే ప్రైమరు వేసిన మరునాడు ఒక బకెట్టు మంచినీళ్ళతో, స్పాంజితో కడిగి, ఆ తరువాత ఉప్పుకాగితం పట్టేవాళ్ళం. పని మొత్తం అరగంట. దానికి బదులు పదిహేను రోజులు పోయాయి. గడువుకు మూడు వారాలే మిగిలాయి.

రెండోసారి ఇలా చేశాం. పొద్దున ఎనిమిది దాటాక, రాత్రి మంచు పూర్తిగా ఆరాక మొదలు. మధ్యాహ్నం రెండుకల్లా బ్రష్షు కింద పెట్టాలి. పైన టార్పాలిన్ నీడ, ఎందుకంటే నేరుగా ఎండ తగిలితే రంగు పరచుకోకముందే పైన బిగుసుకుని బ్రష్షు గీతలు మిగులుతాయి. ప్రైమరు, హార్డనరు డబ్బా మీద రాసిన పాళ్ళలో కొలిచి కలిపాం. కంటి అంచనా పనికిరాదు. హార్డనరు ఎక్కువ వేస్తే తొందరగా ఆరుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కలిపింది లోతైన మగ్గులో ఉంచితే దాని వేడికి అదే మరిగి గట్టిపడుతుంది, కాబట్టి వెడల్పు పళ్ళెంలో పోసుకున్నాం. (పాలియెస్టర్ రెజిన్ వాడేవాళ్ళకు ఇంకో మాట: దానికి వేసే కోబాల్ట్ ద్రవాన్నీ, పెరాక్సైడ్ ద్రవాన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపకూడదు, పేలుతుంది. రెజిన్‌లో ఒకటి పూర్తిగా కలిశాకే రెండోది. ఇది పిల్లల పని కాదు.)

పై రంగుకు ఇద్దరు కావాలి. మనవడు రోలరుతో పలచగా పరుస్తూ ముందుకు పోతుంటే, నేను వెనకాలే పొడి బ్రష్షు కొసతో నెమలీకతో నిమిరినట్టు ఒకే దిక్కుకు లాగుతూ వచ్చాను. తడి అంచు ఆరకముందే పక్క పట్టీ కలవాలి, ఆగి కబుర్లు చెప్పకూడదు. మందంగా ఒక పూత కన్నా పలచగా మూడు నయం. మందపు పూత పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

నీటి అడుగు భాగానికి ఈ రంగు పనికిరాదు. ఎప్పుడూ నీళ్ళలో ఉంటే ఎనామిల్ ఉబ్బిపోతుంది. అక్కడ తేమను ఆపే ఎపాక్సీ పూతలు, వాటి మీద గుల్లలు, నాచు పట్టకుండా రాగి సమ్మేళనాలున్న రంగు. వేటయ్యాక రోజూ ఒడ్డుకు లాగేసే పడవకు ఈ రంగు అక్కర్లేదు, నీళ్ళలో కట్టి ఉంచే పడవకే కావాలి. ఒకప్పుడు దీనిలో ట్రైబ్యుటైల్ టిన్ అనే తగర సమ్మేళనం వాడేవారు. గుల్లల్ని బ్రహ్మాండంగా చంపేది, వాటితోపాటు మిగతా వాటినీ. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో 1970ల చివర్లో ఆల్చిప్పలు పెంకులు వంకర తిరిగి, పిల్లలు పెట్టక, పెంపకందార్లు నష్టపోయారు. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగు నిషేధించింది. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. మన వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో గాజు అడుగు పడవలోంచి పగడాలు చూశారు కదా. పాత అడుగు రంగు గీకినప్పుడు కింద టార్పాలిన్ పరిచి పొట్టునంతా సంచిలోకి ఎత్తాం, అది నీళ్ళలోకి పోకూడదు.

మార్చి రెండో తేదీకి రంగు గోరుకు గట్టిగా తగిలింది. నంబరు ముందు రాశాం, కొలత ప్రకారం. తరువాత పేరు. గుండ్రటి శరీరం మీద తెలుగు రాయడం బల్ల మీద రాసినట్టు కాదు. కిందికి వంగిన చోట అక్షరం పొట్ట కిందికి జారినట్టు కనిపిస్తుంది, అందుకని నీటిరేఖకు సమాంతరంగా దారం కట్టి, సుద్దతో రాసి, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి చూసి సరిదిద్దాలి. నాలుగుసార్లు వెనక్కి వెళ్ళాను. 'పై' ఐత్వం దగ్గర చెయ్యి వణికింది. 'ల్లి' ఒత్తు మాత్రం రెండుసార్లు చూసుకుని వేశాను.

తాత కొడుకు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పూర్తయ్యాక దగ్గరికి వచ్చి, ఆరని అక్షరాలకు తగలకుండా, నీలం మీద అరచేయి వేసి రుద్దాడు. చేతికి ఏమీ అంటలేదు.

"ఇంజను సెక్క బోల్టులు బిగించాల" అన్నాడు తండ్రితో. "ఎల్లుండి దింపుదాం."

పక్క పడవవాళ్ళు ఇద్దరు అప్పటికే వచ్చి మా దానికీ పేరు రాస్తారా మాస్టారూ అని అడిగారు. వాటిలో ఒకదాని నీలం పొలుసులు లేస్తోంది. ముందు టేపు పరీక్ష చేద్దామని చెప్పాను.